సాగరతీర సమ్మార్జనము

కృష్ణవేణి సహ్యాద్రియందలి మహాబలేశ్వరమున పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి, దివిసీమయందు హంసలదీవి సమీపమున సముద్రునిలో కలియుచున్నది. ఆ స్థలమునకు ఆ పేరు వచ్చుటకు స్థలపురాణము ఒక కథ చెప్పుచున్నది. లోకములోని పాపులందరును గంగలో మునిగి తమ పాపములను ఆమెయందు విడిచి పోవుచుండగా, ఆ భారము మోయజాలక గంగాదేవి శ్రీమహావిష్ణువును ఆశ్రయించినది. అందరి మాలిన్యమును తాను కడుగుచుండగా తన మాలిన్యమును కడుగువారెవరని అడిగినది. కాకిరూపము ధరించి తీర్థములన్నిట మునుగుచు పొమ్మనియు, ఎచ్చట ఆ నలుపు పోయి హంసరూపము వచ్చునో అదియే ఆమెను పావనము చేయు తీర్థమనియు స్వామి ఆనతిచ్చెను. గంగ అట్లే అనేక తీర్థములు తిరిగి, కడకు కృష్ణాసాగర సంగమమున మునిగి లేచునప్పటికి తెల్లని హంస అయినది. అందుచే ఆ దీవి హంసలదీవి అయినది.

ఈ కథను చిన్ననాట మా తండ్రిగారి వలన వింటిని. పాఠము చెప్పిన కాలమంతయు శిష్యులకు చెప్పితిని. కాని గంగాదేవి అడిగిన ఆ ప్రశ్న నన్ను ఉద్దేశించినదియేనని అరువదియేండ్లు దాటిన పిమ్మటగాని నాకు తెలియలేదు. తెలిసిన విధమును ముందు చెప్పి, పిదప శాస్త్రవిచారమును, ఆపై ఆచరణవిధిని పాఠకమహాశయులకు మనవి చేసికొందును.

ముడి వేసిన సంచి

2024లో మాఘపూర్ణిమ ఫిబ్రవరి 24వ తేదీన వచ్చినది. ఆనాడు భక్తులు హంసలదీవిలో వేణుగోపాలస్వామిని సేవించి, పాలకాయతిప్ప తీరమున సముద్రస్నానము చేయుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. మరునాడు ఆదివారము. మా ఊరి ఉన్నత పాఠశాల విద్యార్థులు కొందరు, వారి ఉపాధ్యాయులు ఇద్దరు, ఉద్యోగవిరమణ చేసిన పెద్దలు నలుగురు కలసి తీరమున చెత్త ఏరుటకు బయలుదేరిరి. నా దౌహిత్రుడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. “తాతయ్యా, మీరు గొడుగు కింద కూర్చోండి చాలు, ఏరడం మేం చూసుకుంటాం” అని నన్నును వెంటబెట్టుకొని పోయినాడు. నిజము చెప్పవలెనన్న నేను కూర్చుండుటకే పోయితిని.

రాత్రి పోటు వచ్చి తీసిపోయిన చోట, ఇసుకమీద ఒక గీత వలె చెత్త పేరుకొని ఉన్నది. కర్పూరము పొట్లములు, అగరువత్తుల సంచులు, పసుపు కుంకుమల చిన్న ప్యాకెట్లు, స్వామికి నివేదించిన పాల ప్యాకెట్లు, షాంపూ ప్యాకెట్లు, నీళ్లసీసాలు, దీపములు వదలిన థర్మోకోల్ దొప్పలు, స్నానము చేసి విడిచిన చీరలు, పంచెలు. తినుబండారముల సంచులు ఉన్నవి గాని, పూజాసామగ్రికి సంబంధించినవియే నా కంటికి ఎక్కువగా తోచినవి. అధర్మపరులు పారవేసిన చెత్త కాదది. వ్రతముండి, ఉపవాసముండి, సంకల్పము చెప్పుకొని వచ్చిన మనము విడిచినది.

కొంతసేపటికి నా దౌహిత్రుడు ఒక పాలిథిన్ కవరును తెచ్చి నా ముందు పెట్టినాడు. అది నిన్నటిది కాదు. ఇసుకలో ఎన్ని నెలలు పూడియున్నదో తెలియదు. దాని మూతికి గట్టిగా ముడి వేసియున్నది. “ఎవరో జాగ్రత్తగా కట్టారు తాతయ్యా, విప్పనా?” అనినాడు. విప్పుమంటిని. లోపల దేవునికి సమర్పించిన పూలు, తులసి, ఒక రక్షాసూత్రము. పూలు నల్లని ముద్దగా కుళ్లి దుర్గంధము కొట్టుచున్నవి. రక్షాసూత్రపు ఎరుపు మాత్రము చెక్కుచెదరలేదు. పిల్లవాడు ముక్కు మూసికొని, “ఇన్నాళ్లూ సముద్రంలో ఉండి కూడా దీనికి నీళ్లు తగల్లేదే!” అనినాడు.

ఆ మాట నన్ను గొడుగు క్రిందనుండి లేపినది. ఆ నిర్మాల్యమునకు సముద్రస్పర్శయే కలుగలేదు. సమర్పించినవాడు సమర్పించితిననుకొన్నాడు. స్వీకరింపవలసిన సముద్రునకు అది అందలేదు.

దగ్గర వల ఆరవేసికొనుచున్న వృద్ధుడొకడు మమ్ము చూచి, “పంతులుగారూ, ఇయ్యాల మీరు ఏరేది ఒడ్డుకొచ్చిందే. లోపల సానా ఉంది. వల లాగితే చేపకన్నా ముందు కవరే కనబడతాది” అనినాడు. అతని మాటలో నింద లేదు. ఉన్న సంగతి చెప్పినాడు.

ఇక్కడ నా దోషమును దాచుట ధర్మము కాదు. 2011లో నా సహధర్మచారిణి పరమపదించినది. అస్థికలను మట్టికలశమున ఉంచి, బస్సు కుదుపులకు పగులునేమో యను భయమున రెండు పాలిథిన్ కవర్లు చుట్టి, ముడివేసి, ఈ సంగమమునకే తెచ్చితిని. మంత్రము ముగిసినంతనే ముడి విప్పి, కలశమును వణకుచున్న చేతులతో నీటిలో విడిచితిని. ఆ కవర్లను ఏమి చేసితిని? ఎంత ఆలోచించినను ఇంటికి తెచ్చిన జ్ఞాపకము నాకు లేదు.

ఇంతకంటె పెద్ద దోషము మరియొకటి కలదు. నిర్మాల్యమును ఏమి చేయవలెనని అడిగినవారికెల్ల, “కాలితొక్కుడు పడని చోట, పారు నీటిలో విడువుడు” అని చెప్పుచు వచ్చినవాడను నేను. దేనిలో పెట్టి విడువవలెనో, దేనిలో పెట్టి విడువరాదో ఎన్నడును చెప్పలేదు. మా గురువులును చెప్పలేదు. వారి కాలమున పూలు విస్తరాకులో వచ్చెడివి, అరటినారతో కట్టబడెడివి. చెప్పవలసిన అవసరము వారికి లేదు. నా కాలమున ఆ అవసరము కలిగినది. నేను గమనింపలేదు.

శబ్దార్థ విచారము

పాఠము చెప్పుట అలవాటైనవాడను కనుక, మనము నిత్యము పలుకు నాలుగు మాటల అర్థమును ఇచ్చట విచారించెదను. ఆచారము తప్పుదారి పట్టినపుడు శబ్దార్థమును తిరిగి చూచుట మంచిది.

“తీర్థము” అను శబ్దము దాటుట అను అర్థముగల ధాతువునుండి వచ్చినది. దేనిచే దాటుదుమో అది తీర్థము. దాటించుదానిని మలినపరచుట, ఎక్కిన పడవకు తూటు పొడుచుట వంటిది.

“నిమజ్జనము” అనగా మునుగుట. మట్టిప్రతిమ నీట మునిగి మట్టియగును. పత్రి కుళ్లి ఎరువగును. అస్థికలు నీటను, ఇసుకను కలియును. తేలుచు ఒడ్డుకు తిరిగి వచ్చునది నిమజ్జనము కానేరదు.

“విసర్జనము” అను మాట మరియు గంభీరమైనది. “సృష్టి” అను శబ్దమునకు ఏది ధాతువో విసర్జనమునకును అదియే ధాతువు. కనుక విసర్జనమనగా పారవేయుట అని తలచుట పొరపాటు. మరల సృష్టిలోనికి పోవునట్లు విడుచుట అని భావింపవలెను. పూవు మన్నై, మన్ను మొక్కయై, మొక్క మరల పూవగును. ఆ చక్రములోనికి పోలేని వస్తువును నీటిలో విడిచినచో, అది ఒకచోటి చెత్తను మరియొకచోట పెట్టుట మాత్రమే.

నాలుగవది “సమ్మార్జనము”. సంధ్యావందనమున మంత్రజలమును శిరస్సున చల్లుకొనుటను మార్జనమందుము. దేవాలయమును ఊడ్చి తుడుచుటను సమ్మార్జనమందుము. రెండింటికిని శుద్ధిచేయుట అను అర్థముగల ధాతువు ఒక్కటియే. తన శరీరశుద్ధియు, తాను నిలిచిన స్థలముయొక్క శుద్ధియు ఒకే కర్మలో రెండు భాగములని పెద్దల ఆశయము. తిరుమలలో ఏటేట ఉగాది, ఆణివార ఆస్థానము, బ్రహ్మోత్సవములు, వైకుంఠ ఏకాదశి పర్వములకు ముందు జరుగు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనమున గోడలు, పైకప్పు, పూజాపాత్రలు సర్వమును కడుగుదురు. ఉత్సవము తరువాత వచ్చును, శుద్ధి ముందు జరుగును. పూరీ జగన్నాథుని రథములను రాజవంశీయుడే స్వయముగా ఊడ్చుట ఇప్పటికిని జరుగుచున్నది. తమిళదేశమున అప్పర్ స్వామి చేతిలో గడ్డిచెక్కు పనిముట్టు ధరించి శివాలయముల ప్రాంగణములను బాగుచేసెను. చీపురు పట్టుట తక్కువ పనియని మన సంప్రదాయము ఎన్నడును తలంపలేదు.

పంచభూతముల పరీక్ష

ధర్మశాస్త్రములయందు ద్రవ్యశుద్ధి యను ప్రకరణము కలదు. ఏ లోహపాత్రను దేనితో తోమవలెనో, వస్త్రమును ఎట్లు శుద్ధి చేయవలెనో అందు వివరింపబడినది. ప్లాస్టిక్కు అందులో లేదు, ఉండుటకు వీలును లేదు. సంపూర్ణముగా కృత్రిమమైన మొదటి ప్లాస్టిక్కు బేకలైటు 1907లో పుట్టినది. మన చేతిసంచికి మూలమైన పాలిథిన్‌ను 1933లో ఇంగ్లండులో కనుగొనిరి. కనుక దీని స్వభావమును పరీక్షించి మనమే ధర్మమును నిర్ణయించుకొనవలెను. ప్రతి వస్తువును కడకు పంచభూతములలో లీనము కావలెను గదా! ఆ భూతములనే అడిగి చూతము.

పృథివి దీనిని స్వీకరించుట లేదు. ఆకును తిను క్రిమికీటకములు దీనిని తిని మన్ను చేయలేవు. పూడ్చినది పూడ్చినట్లే తరములు ఉండును.

జలము దీనిని కరగింపలేదు. పాలిథిన్, పాలీప్రొపిలీన్ నీటికంటె తేలికయైనవి, అందుచే తేలును. నీళ్లసీసాల ప్లాస్టిక్కు నీటికంటె బరువు, అందుచే మునుగును. తేలినది కంటికి కనబడును. మునిగినది కనబడక అడుగున ఉండును. ఒడ్డున మనము చూచునది మొత్తములో కొంత భాగమే.

అగ్ని దీనిని కాల్చునుగాని శుద్ధిచేయదు. పీవీసీ వంటి క్లోరిను కలిగిన ప్లాస్టిక్కును బయట తగులబెట్టినచో డయాక్సిన్లను విషములు పుట్టును. తీరమున ఏరిన చెత్తను కుప్పవేసి నిప్పుపెట్టుట కొందరి అలవాటు. అది ఎంతమాత్రము తగదు.

వాయువు దీనిని ఎగురవేసికొనిపోయి మరియొక ఊరి మీద వేయును. ఆకాశమునుండి దిగు సూర్యకిరణము మాత్రము దీనిమీద కొంత పనిచేయును. ఎండకు ప్లాస్టిక్కు పెళుసై, అలల తాకిడికి ముక్కలగును. ముక్కలగుట లయమని భ్రమింపరాదు. 5 మిల్లీమీటర్లకంటె చిన్నవైన ఈ కణములను శాస్త్రజ్ఞులు మైక్రోప్లాస్టిక్కు అనుచున్నారు. ఇవి చేపల కడుపులోను, సముద్రజలమును ఎండగట్టి తీసిన ఉప్పులోను కనబడినవి. 2022లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రకటించిన పరీక్షలో, 22 మంది దాతలలో 17 మంది రక్తమున ప్లాస్టిక్కు కణములు కనుగొనబడినవి. మనము సముద్రునకిచ్చినది ఉప్పుగల్లు రూపమున మన విస్తరికి తిరిగి వచ్చుచున్నది.

ఇక దీని పరిమాణము చూడుడు. 1950లో ప్రపంచమంతట ఏటికి సుమారు 20 లక్షల టన్నుల ప్లాస్టిక్కు తయారయ్యెడిది. ఇప్పుడు 40 కోట్ల టన్నులు దాటినది. 2017లో ప్రచురింపబడిన లెక్క ప్రకారము, 2015 వరకు చెత్తయైన ప్లాస్టిక్కు మొత్తములో తిరిగి వాడుకకు వచ్చినది నూటికి సుమారు 9 పాళ్లు, కాల్చబడినది 12 పాళ్లు. మిగిలిన 79 పాళ్లు చెత్తదిబ్బలలోనో, నేలమీదనో, నీటిలోనో ఉండిపోయినవి. ఒక్క 2010లోనే 48 లక్షలనుండి 127 లక్షల టన్నుల వరకు భూమినుండి సముద్రములలో చేరినట్లు అంచనా.

కొన్ని ఆక్షేపములు, సమాధానములు

మన శాస్త్రచర్చలో పూర్వపక్షమును న్యాయముగా చెప్పి సమాధానమిచ్చుట పద్ధతి. నేను విన్న ఆక్షేపములు మూడు.

మొదటిది: “సముద్రము అనంతము. ఒక చిన్న సంచి ఏమి చేయగలదు?” సముద్రము పెద్దదే. సంచులు వేయు చేతులును కోట్లు. ఒక్కొక్కని పాపము చిన్నదియే. అన్నియు చేరినప్పుడు గంగయే కాకి అయినది. స్థలపురాణము చెప్పుచున్నది ఇదియే గదా! మరియు మన ఊరి కాలువలో వేసినది అక్కడనే ఉండదు. కాలువ నదిలోను, నది సముద్రములోను కలియును. సముద్రతీరమునకు ఎన్నడును రానివాడును తన వీథిలోని కాలువ ద్వారా తీరమును మలినము చేయగలడు.

రెండవది: “ఇది పంచాయతీవారి పని, ప్రభుత్వము పని.” వారి పని వారికి కలదు. చట్టములును కలవు. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, పానీయపు గొట్టములు, అలంకారపు థర్మోకోల్ మొదలైనవి దేశమంతట నిషేధింపబడినవి. 120 మైక్రాన్లకంటె పలుచని చేతిసంచులు అదే సంవత్సరము డిసెంబరు 31 నుండి నిషిద్ధములు. అయినను, స్నానపుణ్యము నాకు, శుద్ధిభారము ఇతరులకు అనుట న్యాయమగునా? నీటిలో మలమూత్రములు విడువరాదు, ఉమ్మివేయరాదు అని తైత్తిరీయారణ్యకము స్నానము చేయువానికే వ్రతము విధించినది. కావలివానిని పెట్టుమని చెప్పలేదు.

మూడవది అన్నిటికంటె బలమైనది: “ఈనాడు తీసిన రేపు మరల వచ్చును. ప్రయోజనమేమి?” నేనును ఇట్లే తలచి చాలాకాలము ఊరకుంటిని. కాని మన కర్మలలో నిత్యము, నైమిత్తికము, కామ్యము అను భేదము కలదు. కామ్యకర్మకు ఫలము చూతుము. నిత్యకర్మకు ఫలముతో పనిలేదు, మానినచో దోషము. నిన్న స్నానము చేసితిమని నేడు మానుట లేదు. దేవాలయమును ప్రతి ఉదయము ఊడ్చుచున్నాము. తీరశుద్ధిని నిత్యకర్మగా భావించిన నిరుత్సాహమునకు తావుండదు.

దీనికి ఒక నిదర్శనము. ముంబాయి నగరమున వెర్సోవా తీరము మోకాలిలోతు చెత్తతో నిండియుండెడిది. 2015 అక్టోబరులో అఫ్రోజ్ షా అను యువ న్యాయవాది, పొరుగున ఉన్న ఒక వృద్ధునితో కలసి చెత్త తీయుట ప్రారంభించెను. వారము వారము కొనసాగించెను. క్రమముగా వందలమంది చేరిరి. 2016లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఆయనను సత్కరించినది. వర్షాకాలమున అలలు మరల చెత్తను తెచ్చినను వారు మరల తీసిరి. 2018 మార్చిలో ఆ తీరమున సముద్రపు తాబేలు పిల్లలు గుడ్లనుండి వెలువడి కడలిలోనికి పోవుట జనులు కన్నులార చూచిరి.

కూర్మమూర్తి సంతతి

తాబేలు మాట వచ్చినది కనుక మన తీరపు సంగతి చెప్పవలెను. శ్రీకాకుళము సమీపమున శ్రీకూర్మక్షేత్రమున స్వామిని కూర్మరూపమున అర్చించు భాగ్యము తెలుగువారిది. ఆలివ్ రిడ్లీ అను సముద్రపు తాబేళ్లు మన కోస్తా పొడవునను, దివిసీమ తీరమునను శిశిరము మొదలు వసంతము వరకు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టును. తల్లి రాత్రివేళ ఇసుకను త్రవ్వి ఇంచుమించు నూరు గుడ్లు పెట్టి, పూడ్చి, తిరిగి చూడక వెళ్లిపోవును. 45 మొదలు 60 రోజులకు పిల్లలు ఇసుకను చీల్చుకొని వచ్చి, సముద్రముమీది వెలుగును గుర్తుగా పెట్టుకొని ప్రాకిపోవును. దారిలో తెగిన నైలాను వలముక్క చాలును, అందులో చిక్కిన పిల్ల ఇక కదలలేదు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చు ప్రాణి. నీటిలో వలకు చిక్కిన పెద్దదియు పైకి రాలేక చచ్చును. నీట తేలు పలుచని సంచిని జెల్లీచేప అని తలచి మ్రింగునవియు కలవు.

ఈ ప్రాణికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలు రక్షణ ఇచ్చినది. అటవీశాఖవారు గుడ్లను సేకరించి, కాపాడి, పిల్లలను సముద్రమున విడుచుచున్నారు. గుడ్లు పెట్టు ఆ మాసములలోనే మాఘస్నానములును వచ్చుట గమనింపదగినది. కూర్మమూర్తికి నమస్కరించి, ఆ మూర్తి సంతతి దారిలో ఉచ్చు విడిచి రావచ్చునా?

ఆచరణవిధి

ఇంతవరకు విచారము. ఇక చేయవలసినది క్రమముగా చెప్పుదును.

మొదట ఇంటివద్ద. తీర్థయాత్రకు పోవునపుడు పూజాద్రవ్యములను గుడ్డసంచిలోగాని, వెదురుబుట్టలోగాని తీసికొనిపోవలెను. పసుపు కుంకుమలు చిన్న భరిణెలలోను, పాలు నీళ్లు లోహపాత్రలలోను ఉండవలెను. దీపములకు అరటిదొప్పలు చాలును. నిర్మాల్యమును నదికో సముద్రమునకో పంపనక్కరయే లేదు. పెరటిలో కాలితొక్కుడు పడని మూల చిన్న గుంట తీసి, పూలు, పత్రి అందులో వేసి మన్ను కప్పవలెను. కొన్నాళ్లకు అది తులసికోటకు ఎరువగును. విసర్జనశబ్దార్థము అప్పుడు సార్థకము. దారములు, కవర్లు, రేకుకాగితములు ముందే వేరుచేయవలెను.

రెండవది స్నానఘట్టమున. నీట దిగువారు ఏ కవరును వెంట తీసికొని దిగరాదు. అస్థినిమజ్జనము చేయువారు కలశమును గుడ్డలో చుట్టి తేవలెను. ఆ గుడ్డయు నూలుదై ఉండవలెను. స్నానవస్త్రమును నీట విడుచుట పుణ్యమని తలచువారికి ఒక మనవి: నేటి చీరలు, పంచెలు చాలవరకు పాలియెస్టరు కలిసినవి. అదియు ప్లాస్టిక్కు నూలే. ఆ వస్త్రమును ఉతికి ఆరవేసి పేదలకిచ్చిన వస్త్రదానమగును. కర్మ చేయించు పురోహితులు సంకల్పమునకు ముందే ఈ మాటలు చెప్పవలెనని నా ప్రార్థన. యజమానుడు ఆ సమయమున పురోహితుని మాటను వినినంతగా మరెవ్వరి మాటయు వినడు.

మూడవది తీరశుద్ధి. పూర్ణిమ, అమావాస్యలనాడు చంద్రసూర్యుల ఆకర్షణ కలసివచ్చి పోటు మిక్కిలి ఎత్తుగా వచ్చును. మన సముద్రస్నానపర్వములు పెక్కు ఆ దినములలోనే వచ్చును. కనుక మాఘపూర్ణిమ చెత్తను మరునాడు తీయుదమన్న ఆలస్యమగును. రాత్రిపోటు దానిలో చాలభాగము లాగికొనిపోవును. స్నానములు ముగిసిన సాయంకాలమే, పోటు రాకమునుపు తీయవలెను. ఇతర దినములలో ఆటు సమయమున పని మొదలుపెట్టిన, తడి ఇసుకలోనివి కూడ కనబడును.

చేతులకు తొడుగులు, కాళ్లకు చెప్పులు తప్పనిసరి. గాజుపెంకులు, సూదులు ఉండును. పిల్లలను వాటి దరికి పోనీయరాదు. గోనెసంచులు మూడు విధములుగా పెట్టుకొనవలెను: సీసాలకొకటి, వలలకు త్రాళ్లకు ఒకటి, మిగిలినవానికొకటి. గవ్వలు, నాచు, కొట్టుకొనివచ్చిన కొమ్మలు, ఇసుకను పట్టి ఉంచు తీగలు చెత్త కావు. వానిని తీయరాదు. తాబేళ్ల మాసములలో ఇసుకను లోతుగా త్రవ్వరాదు, గుడ్లగుంట కనబడిన అటవీశాఖవారికి తెలుపవలెను. ఏరినదానిని అక్కడ కాల్చక, పూడ్చక, పంచాయతీ చెత్తసేకరణ కేంద్రమునకు చేర్చవలెను. ఏది ఎంత దొరికినదో వ్రాసికొనుట మంచిది. 1986లో అమెరికాలోని టెక్సాసు తీరమున ఇద్దరు స్త్రీలు ఇట్లు ఏరుచు, లెక్క వ్రాయుచు ప్రారంభించిన పనియే నేడు ప్రతి సెప్టెంబరు మూడవ శనివారము అనేక దేశములలో జరుగు అంతర్జాతీయ తీరశుద్ధి దినమునకు మూలము. మన దేశమున 2022లో జూలై 5 నుండి సెప్టెంబరు 17 వరకు 75 తీరములలో ఇట్టి కార్యక్రమము జరిగినది. లెక్క ఉన్నప్పుడే ఏ వస్తువును ఇంటివద్దనే మానవలెనో తెలియును.

ఇందులో అన్నిటికంటె ముఖ్యమైనది మొదటిది. ఇంటివద్ద మానినది తీరమున ఏరనక్కరలేదు.

ఉపసంహారము

ఆనాడు మేము పదునాలుగు గోనెసంచులు నింపితిమి. మధ్యాహ్నమునకు నా నడుము పట్టుకొన్నది. మనుమడు చేయి అందించి లేపుచు, “మళ్లీ పూర్ణిమకి వస్తారా తాతయ్యా?” అనినాడు. వత్తునంటిని. అప్పటినుండి వీలైన ప్రతి పూర్ణిమకును పోవుచున్నాను. ఇప్పుడు గొడుగు తీసికొనిపోవుట లేదు, గోనెసంచి తీసికొనిపోవుచున్నాను.

ప్రతిదినము నిద్ర లేచి నేలమీద పాదము మోపుటకు ముందు, సముద్రమును వస్త్రముగా ధరించిన భూదేవిని పాదస్పర్శకు క్షమింపుమని వేడుకొందుము. పాదము సోకినందుకే క్షమాపణ వేడువారము, ఆమె వస్త్రమునకు మనము అంటించిన మరకను తుడువకుండుట ఎట్లు?

2011లో నేను విడిచిన ఆ కవర్లు నాకు ఇక దొరకవు. అవి ఈపాటికి ముక్కలై ఏ తీరమున ఉన్నవో, ఏ చేప కడుపున ఉన్నవో! అందుచే నాకు దొరికిన ఇతరుల కవర్లను తీయుచున్నాను. నావి ఏ ఒడ్డుననైన మిగిలియున్నచో, అక్కడ ఏ పుణ్యాత్ముడో వానిని తీయుగాక. గంగాదేవి అడిగిన ప్రశ్నకు నాకు తెలిసిన సమాధానము ఇంతియే.

పాఠకమహాశయులు రాబోవు పర్వదినమున సముద్రస్నానమునకు వచ్చునపుడు, గుడ్డసంచిలో పూజాద్రవ్యములు తెచ్చి, తిరిగి పోవునపుడు ఆ సంచిలో తీరమునుండి పది వస్తువులను ఏరి తీసికొనిపోవుదురుగాక. స్వామి ఆ సేవను స్వీకరించును.

స్వస్తి.